నలభై మూడు ఉపకరణాల డ్రైవరు

నందివలస జిల్లా ధ్రువపత్రాల కార్యాలయంలో జీపు చచ్చిపోయి నాలుగేళ్లయింది గానీ, డ్రైవరు పోస్టు మాత్రం నిక్షేపంగా బతికే ఉంది. ఆ పోస్టులో ఉన్నవాడు పెంకి పైడయ్య. చక్రాలు ఊడదీసి ఇటుకల దొంతరల మీద నిలబెట్టిన ఆ జీపుని రోజూ పొద్దున్నే శుభ్రంగా తుడిచేవాడు. ముందు సీట్లో కూర్చునేవాడు. సాయంత్రం దిగి, లాగ్ బుక్కులో తిరిగిన దూరం సున్నా అని రాసి, సంతకం పెట్టి ఇంటికి వెళ్లిపోయేవాడు. ఇరవై ఏడేళ్లపాటు అధికారుల్ని ఘాట్ రోడ్ల మీద ఒక్క గీత పడకుండా తిప్పిన మనిషి. రిటైరవడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆ ఏడాదిన్నరా సున్నాలు చుట్టుకుంటూ గడిపేయాలి కాబోలనుకుని మనసులోనే కుంగిపోతుండేవాడు.

ఫిబ్రవరి నెలలో రాజధాని నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. దాన్ని మొదట రాసినాయనకి కంప్యూటర్లు తెలుసు. తెలుగులోకి మార్చినాయనకి తెలుగు తెలుసు. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు.

"విద్యుత్ పొదుపు మహోద్యమంలో భాగముగా, కార్యాలయమందలి సమస్త కంప్యూటర్లను పనివేళల అనంతరము డిస్కునకు సస్పెండ్ చేయవలెను. అందుకు పూర్వము ప్రతి ఉపకరణమును దాని డ్రైవరు నిశ్చల స్థితికి తేవలెను. మేల్కొలుపు సమయమున అదే డ్రైవరు అదే ఉపకరణమును అదే స్థితియందు అప్పగించవలెను. స్థితిలో వ్యత్యాసమున్నచో మేల్కొలుపు విఫలమైనట్లు భావించి, దాచిన ప్రతిబింబమును రద్దుపరచవలెను."

సూపరింటెండెంటు గంటి సోమయాజులు గారు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. ముప్పై ఏళ్లుగా సర్వీసు నిబంధనలు నమిలి మింగినవారాయన.

"ఛార్జి మెమో ఇవ్వకుండా సస్పెండ్ చేయడానికి వీల్లేదు. రేపు కోర్టులో నిలబడదు" అన్నారు.

అందుకని ఏడు కంప్యూటర్లకీ ఏడు మెమోలు టైపు చేయించి, తెరల మీద అంటించారు. పదిహేను రోజులు గడువిచ్చారు. ఒక్క కంప్యూటరూ సంజాయిషీ ఇచ్చుకోలేదు. మౌనం నేరాంగీకారం కిందకే వస్తుందని ఫైల్లో రాసి, ఏడింటినీ సస్పెండ్ చేశారు. సస్పెన్షన్‌లో ఉన్నవారు ముందస్తు అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లరాదు గనక, రిపేరు షాపుకి బయల్దేరిన నాలుగో నంబరు కంప్యూటర్ని ఆటోలోంచి దింపించేశారు.

తర్వాత డ్రైవరు సంగతి వచ్చింది. జిల్లా అధికారి డాక్టర్ విరూపాక్షం గారు మీటింగు పెట్టారు. ఆయన దేంట్లో డాక్టరో ఎవరికీ తెలియదు. ఆయన్ని అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు.

"మన కార్యాలయంలో మంజూరైన డ్రైవరు పోస్టులెన్ని?"

"ఒకటి సార్" అన్నారు సోమయాజులు గారు.

"ఖాళీయా, భర్తీయా?"

"భర్తీయే సార్. జీపు డ్రైవరు పైడయ్య."

"అయితే సమస్య ఎక్కడుంది?"

సమస్య ఎక్కడుందో ఎవరికీ తోచలేదు. అరగంటలో ఉత్తర్వు తయారైంది. దాని ప్రకారం మౌసులు, కీబోర్డులు, ప్రింటర్లు, స్కానర్లు, ఫ్యాన్లు, గోడ గడియారం కలుపుకుని ముప్పై ఎనిమిది ఉపకరణాలకి పెంకి పైడయ్య ఏకైక డ్రైవరు. రోజూ సాయంత్రం వాటిని నిద్రపుచ్చి, ఉదయం లేపి, ప్రతిదాని స్థితీ రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి.

పైడయ్య ఆ కాగితం పట్టుకుని గౌరీశ్వరి దగ్గరికి పరిగెత్తాడు. గౌరీశ్వరి ఆ ఆఫీసులో కాంట్రాక్టు ఆపరేటరు. ప్రధాన కంప్యూటరు ఆమె వేలిముద్రకి తప్ప ఇంకెవరి వేలికీ తెరుచుకోదు. అప్పటికామెకి ఐదో నెల.

"ఏటమ్మా ఇది? నాను స్టీరింగు తప్ప ఏటీ ముట్టుకోనేదు. ఈటన్నిటినీ ఎక్కడికి తోలీమంటారు?"

గౌరీశ్వరి చదివి తల పట్టుకుంది. "డ్రైవరంటే నువ్వు కాదు బాబాయ్. మెషీన్ లోపలుండే చిన్న ప్రోగ్రాము. ప్రింటరు మాట ఒకలా ఉంటుంది, కెమెరా మాట ఇంకోలా ఉంటుంది. ఎవరి మాట వాళ్లకి చెప్పి పనిచేయించేదాన్ని డ్రైవరంటారు. ఆ సంగతి సూపరింటెండెంటు గారికి చెప్పాను కూడా."

"ఏటన్నారు?"

"ఆ ప్రోగ్రాముకి సంతకం పెట్టడం వచ్చునా అని అడిగారు. రాదన్నాను. సంతకం పెట్టలేనిది బాధ్యత ఎలా వహిస్తుందమ్మా అన్నారు."

"మరి ఈ తొంగోపెట్టడం ఏటి?"

"అది మంచి పనే బాబాయ్. చూడు, పెళ్లిలో గ్రూపు ఫొటో తీసేటప్పుడు కదలకండి అంటారు కదా. మెషీన్ కూడా అంతే. పడుకునే ముందు ప్రింటర్నీ, మౌస్‌నీ, నెట్‌నీ అన్నిటినీ కదలకండి అంటుంది. ఎవరైనా కదిలితే ఫొటో చెదిరిపోద్ది. అందరూ స్తంభించాక తన బుర్రలో ఉన్నదంతా ఒక ఫొటోలా తీసుకుంటుంది, సర్క్యులర్లో ప్రతిబింబం అన్నది దాన్నే. ఆ ఫొటో డిస్కులో దాచుకోవాలంటే డిస్కు మెలకువగా ఉండాలి కదా, అందుకని మళ్లీ ఒకసారి లేపుతుంది. దాచేశాక అందర్నీ పడుకోబెట్టి తనూ పడుకుంటుంది. ఇంక చుక్క కరెంటు అక్కర్లేదు. పొద్దున్న లేచి ఆ ఫొటో చూసుకుని, నిన్న ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచే మొదలెడుతుంది."

పైడయ్యకి సగం అర్థమైంది. ముగ్గురు పిల్లల్ని పడుకోబెట్టిన మనిషి కనక మిగతా సగం ఊహించుకున్నాడు. నిజం చెప్పాలంటే భయం తగ్గాక లోలోపల సంతోషమే వేసింది. నాలుగేళ్ల తర్వాత సున్నా కాకుండా ఇంకేదో రాసే పని దొరికింది. మెత్తటి గుడ్డ ఒకటి కొనుక్కున్నాడు. రోజూ సాయంత్రం ఒక్కో మౌసునీ తుడిచి, తీగ చుట్టి, "తొంగోమ్మా" అని పక్కన పెట్టేవాడు. రెండో ప్రింటరు కాగితం నలిపే రకమని, దాన్ని పొద్దున్నే తొందర పెట్టకూడదని తెలుసుకున్నాడు. రిజిస్టర్లో స్థితి అన్న గడిలో "కులాసా" అని రాసేవాడు. సోమయాజులు గారు దాన్ని కొట్టేసి "యథాతథం" అని దిద్దేవారు.

ఇక్కడితో ఆగి ఉంటే ఎవరికీ నష్టం లేకపోను. కానీ విరూపాక్షం గారిది ఏ పనినైనా కుదురుగా వదిలే స్వభావం కాదు.

ఒకరోజు ఆయన హాల్లోకి వచ్చి, "కీబోర్డుకి అనుసంధానమై ఉన్నదేమిటి?" అని ప్రశ్నించారు.

"వైరు సార్" అన్నాడు పైడయ్య.

"ఇటువైపు వైరు. అటువైపు?"

అటువైపు గౌరీశ్వరి, ఇంకో నలుగురు ఆపరేటర్లు కూర్చుని ఉన్నారు.

"అనుసంధానమై ఉన్న ప్రతిదీ ఉపకరణమే. సర్క్యులర్‌లో సమస్త అన్న పదం ఊరికే వాడలేదు" అన్నారు విరూపాక్షం గారు.

ఆ విధంగా పైడయ్య రిజిస్టర్లో ఉపకరణాలు నలభై మూడయ్యాయి. గౌరీశ్వరి ముప్పై తొమ్మిదో నంబరు. ఇక రోజూ నాలుగు గంటల నలభై ఎనిమిది నిమిషాలకి గంట కొట్టేవారు. ఆపరేటర్లు ఎక్కడివాళ్లు అక్కడ బిగుసుకుపోయేవారు. సోమయాజులు గారు తన ఫోనుతో హాలంతా ఫొటో తీసేవారు. ఫొటో తీస్తుండగా మూడో ఆపరేటరు తుమ్మాడని ఒకసారి మొత్తం మళ్లీ తీశారు. తర్వాత ఇంకో గంట. అందరూ లేచి వరసగా రికార్డు గదికి నడిచి, ఆ ఫొటో ప్రింటుని బీరువాలో పెట్టి, తిరిగొచ్చి తమ కుర్చీల్లో మళ్లీ బిగుసుకుపోవాలి. అప్పుడు పైడయ్య ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, "నిద్ర పూర్తయిందమ్మా, ఇంటికెళ్లండి" అని చెప్పేవాడు.

గడియారం విషయంలో మాత్రం ఆఫీసు ఒక కొత్త ఎత్తుకి చేరుకుంది. గడియారమూ ఉపకరణమే. ఉపకరణం నిద్రకు ముందున్న స్థితిలోనే మేల్కోవాలి. కాబట్టి ఆఫీసు కట్టేటప్పుడు సెల్లు తీసేసి, ముళ్లని మొదటి ఫొటోలో ఉన్నట్టు నాలుగు నలభై ఎనిమిదికి తిప్పి, పొద్దున్న పది గంటలకి సెల్లు మళ్లీ వెయ్యమని పైడయ్యకి ఆదేశమొచ్చింది. పది గంటలకి ఆఫీసు తెరిస్తే గడియారం నాలుగు నలభై ఎనిమిది చూపించేది. పన్నెండు నిమిషాలకి అయిదయ్యేది. అయిదుకి నిద్ర గంట కొట్టి ఆఫీసు కట్టేసేవారు.

"సార్, కంప్యూటరు అలా చెయ్యదు. లేవగానే అసలు టైమెంతయిందో చూసుకుంటుంది. దాని లోపలి గడియారం ఎప్పుడూ నిద్రపోదు" అని గౌరీశ్వరి చెప్పి చూసింది.

"అది దాని క్రమశిక్షణారాహిత్యం. మనం అనుసరించదగినది కాదు" అన్నారు విరూపాక్షం గారు.

రోజుకి పన్నెండు నిమిషాలే పనిచేయడంతో కరెంటు వాడకం అమాంతం పడిపోయింది. రాజధాని నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. దాని వెనకే ఒక వెండి రంగు షీల్డు వచ్చింది. పక్క జిల్లాల వాళ్లు బస్సులు కట్టించుకుని వచ్చి, మన గడియారం ముందు నిలబడి ఫొటోలు దిగి వెళ్లారు. షీల్డు వచ్చిన పద్ధతిలో తప్పుందని చెప్పే మగాడు ఏ ఆఫీసులోనూ ఉండడు. పైడయ్యా చెప్పలేదు. గడియారంలో సెల్లు వేస్తున్నప్పుడు ఎండ వంక చూడకుండా వేసేవాడు.

వరండాలో మాత్రం జనం పెరిగిపోయారు. వాళ్లలో సింహాచలం అనే ఆవిడ ఉంది. జీడిపిక్కల బట్టీలో పనిచేసేది. గుండెలో కవాటం చెడిపోయిందని పట్నం పెద్దాసుపత్రిలో చెప్పారు. ఉచితంగా ఆపరేషన్ చేయడానికి జూన్ మూడో తారీఖు ఇచ్చి, ఆదాయ ధ్రువపత్రం తెమ్మన్నారు. ఆవిడ మార్చి నుంచీ వస్తూనే ఉంది. పది అడుగులు వేసి ఒకసారి ఆగేది. వరండాలో కూర్చోవడానికి చోటు లేక, జీపు ఫుట్‌బోర్డు మీద కూర్చునేది.

"అన్నా, మీ ఆపీసు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో తెల్డం నేదు. నాను మెట్లెక్కే లోపల మూసేస్తన్నారు" అంది ఒకసారి.

పైడయ్య చెయ్యి చాపాడు. ఆవిడ కాగితాలు తనే తీసుకెళ్లి గౌరీశ్వరి బల్ల మీద పెట్టాడు.

మే నెల ఎండలతో పాటు విరూపాక్షం గారి ఉత్సాహమూ ముదిరింది. రాత్రి నిద్రకే షీల్డు వస్తే దీర్ఘనిద్రకి ఏమొస్తుంది? మే పది నుంచి మే ముప్పై ఒకటి దాకా ఆఫీసు మొత్తాన్ని నిద్రపుచ్చి, జూన్ ఒకటిన మేల్కొలపాలని నిర్ణయించారు. డ్రైవరూ తన ఉపకరణాలతో పాటే నిద్రించునని ఉత్తర్వులో రాయించారు. నిద్రకి ముందు చివరి రోజైన మే పదిన ఆయన పేరుకుపోయిన ఆరువందల పన్నెండు దరఖాస్తులకి కంప్యూటర్లో ఒకే దెబ్బకి సంతకం పెట్టేశారు. ఇక ప్రింటు తీసి ఇవ్వడమే తరువాయి. గౌరీశ్వరి మొదటగా సింహాచలం పేరు తెరిచి, బటను మీదకి వేలు తీసుకెళ్తుండగా గంట కొట్టేశారు.

"ఒక్క నొక్కు సార్" అంది.

"నిశ్చలం!" అన్నారు సోమయాజులు గారు ఫోను గురిపెట్టి.

గౌరీశ్వరి వేలు గాల్లోనే ఆగిపోయింది. అప్పటికామెకి ఎనిమిదో నెల నడుస్తోంది. పైడయ్య రిజిస్టరు పట్టుకుని దగ్గరికి రాగానే, పెదవులు కదపకుండా గొణిగింది. "నేను కదలకపోయినా లోపల కదుల్తోంది బాబాయ్. ఏం రాస్తావో రాసుకో."

పైడయ్య సోమయాజులు గారి దగ్గరికెళ్లి, "అయ్యగారూ, ఈ అమ్మాయి వట్టి మనిషి కాదు కదండీ. లెక్క ఎలాగ రాయమంటారు?" అని అడిగాడు.

"కనిపించేది ఎంత?"

"కనిపించేదైతే ఒకటేనండీ."

"కనిపించేదే రాయి. ముప్పై తొమ్మిదో నంబరు, ఒకటి, యథాతథం."

పైడయ్య అలాగే రాసి సంతకం పెట్టాడు. ఇన్నాళ్లూ మౌసులకీ ఫ్యాన్లకీ పెట్టిన సంతకమే అది. ఆ రోజు మాత్రం కలానికి మూత పెట్టడం మర్చిపోయి జేబులో పెట్టుకున్నాడు.

ఆడపిల్ల మే ఇరవయ్యో తారీఖున పుట్టింది, కాస్త ముందుగానే. గౌరీశ్వరి సెలవు కోసం అర్జీ పంపితే, నిద్రావస్థయందున్న ఉపకరణము సెలవు కోరజాలదు అని ఎండార్సుమెంటుతో తిరిగొచ్చింది. జూన్ ఒకటిన రాకపోతే కాంట్రాక్టు రద్దని కింద ఇంకో ముక్క కూడా ఉంది. దాంతో ఆమె పన్నెండు రోజుల పసిగుడ్డుని పాత చీరలో చుట్టుకుని, ఆటో దిగి, ఆఫీసు గేటు దగ్గర నిలబడింది.

సోమయాజులు గారు గేటు దగ్గరే రిజిస్టరు పట్టుకుని నిలబడి ఉన్నారు. కళ్లజోడు సర్దుకుని తల్లినీ, పిల్లనీ, రిజిస్టర్నీ మార్చి మార్చి చూశారు.

"నిద్రపోయినది ఒకటి. లేచినవి రెండు" అని రిజిస్టర్లో రాస్తూ పైకి అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. శవపంచనామా చదువుతున్నట్టుంది.

విరూపాక్షం గారు మేడమీద తన గదిలో అత్యవసర సమావేశం పెట్టారు. వివరాలు చెప్పడానికి పైడయ్యని కూడా పిలిపించి, గుమ్మం దగ్గర నిలబెట్టారు.

"స్థితిలో వ్యత్యాసమున్నచో ప్రతిబింబం రద్దు. అంటే ఆరువందల పన్నెండు దరఖాస్తులూ రద్దు. ప్రజలు మళ్లీ మొదట్నుంచి పెట్టుకోవాలి. అంతకుమించి మన షీల్డు పోతుంది" అన్నారు విరూపాక్షం గారు.

"అదనపు ఉపకరణాన్ని సురక్షితంగా తొలగించి, గేటు బయట ఉంచితే?" అన్నారు సోమయాజులు గారు. ఆయనే మళ్లీ ఫొటో ముందు పెట్టుకుని తల అడ్డంగా ఊపారు. "ఊహూ. ఫొటోలో ముప్పై తొమ్మిదో నంబరు పొట్ట ఇంత ఉంది. ఇప్పుడు లేదు. పిల్లని తీసేసినా తల్లి సరిపోదు."

"పూర్వస్థితికి తేగల అవకాశం?"

సోమయాజులు గారు గొంతు సవరించుకున్నారు. "నిబంధనల్లో అభ్యంతరం లేదు గానీ, ప్రకృతి సహకరించదు సార్."

"పోనీ, తల్లీ పిల్లా ఇద్దరూ ఒకే వ్యక్తి అని ధ్రువపత్రం జారీ చేస్తే? రెండు పేర్లున్నవాళ్లకి ఇస్తూనే ఉంటాం కదా."

సోమయాజులు గారి మొహం వెలిగింది, అంతలోనే ఆరిపోయింది. "అద్భుతం సార్. కానీ ఆ పత్రం జారీ చెయ్యాల్సింది మన కార్యాలయమే. మన కార్యాలయం నిద్రలో ఉంది."

విషయాన్ని రాజధానికి నివేదించాలనీ, ఈలోగా ప్రతిబింబం రద్దుకి ముసాయిదా రాయాలనీ తీర్మానించి, టీలు తెప్పించుకున్నారు. పైడయ్య మెల్లిగా మెట్లు దిగి వచ్చేశాడు.

కింద జీపు నీడలో గౌరీశ్వరి పిల్లని ఒళ్లో వేసుకుని కూర్చుంది. పక్కనే ఫుట్‌బోర్డు మీద సింహాచలం ఉంది. ఆవిడ పెదాలు నీలంగా ఉన్నాయి.

"అన్నా, ఎల్లుండే నా ఆపరేసను. కాయితం నేకపోతే నా మంచం ఇంకొకలికి ఇచ్చెస్తారట. మళ్లీ ఆర్నెల్లకి గానీ రాదంట. ఆర్నెల్లు నానుంటానేటి?" అంది. ఏడవలేదు. ఏడవడానికీ ఊపిరి కావాలి.

పైడయ్య గౌరీశ్వరి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "నిజం సెప్పు తల్లీ. నీ మిషను ఈ గుంటని సూసి లెగనంటాదా?"

అన్ని నెలల్లో గౌరీశ్వరి మనసారా నవ్వింది అప్పుడే. "దానికి పాపెవరో నేనెవరో ఏం తెలుసు బాబాయ్! దాని డిస్కు దానికుంటే చాలు. వేరే డిస్కు పెడితే లేవనంటుంది గానీ, మౌసు మార్చినా, ప్రింటరు పోయినా, ఉన్నవాటితో సర్దుకుంటుంది. మనకున్నన్ని పట్టింపులు దానికి లేవు."

"మరి నాను మూణ్నెల్లు రాసిన ఆ యథాతథాలన్నీ?"

"అవి దానికి అక్కర్లేదు."

పైడయ్యకి ఎన్నడో అనంతగిరి ఘాట్‌లో వర్షంలో బండి ఆగిపోయిన రోజు గుర్తొచ్చింది. వెనక సీట్లో అధికారి లాగ్ బుక్కు తడుస్తోందని కేకలేస్తుంటే, తను ఆ మాట పట్టించుకోకుండా ముందు బండి చక్రాల కింద రాళ్లు పెట్టాడు. బండి లోయలోకి జారిపోతుంటే బుక్కు తడిస్తే ఎంత, తడవకపోతే ఎంత అనుకున్నాడు. అప్పుడు తనకి ముప్పయ్యేళ్లు. ఇప్పుడు యాభై ఎనిమిది దాటాయి, భయాలూ పెరిగాయి. అయినా చక్రం కింద రాయి పెట్టడం ఎలాగో మర్చిపోలేదు.

ఏకైక డ్రైవరు గనక హాలు తాళాలు అతని దగ్గరే ఉన్నాయి. లేచి జేబులోంచి తీశాడు.

"పాపనిలా ఇయ్యి. నువ్వు పద."

ఎడమ చేతిలో పిల్లని పొదివి పట్టుకుని, కుడిచేత్తో తలుపు తీశాడు. గౌరీశ్వరి మెయిన్ స్విచ్చి వేసి, ప్రధాన కంప్యూటర్ని లేపి, వేలు ఆనించింది. చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. లోపల ఏదో నిట్టూర్చినట్టు చప్పుడయింది. పైడయ్య పాపని ఇంకాస్త దగ్గరికి పొదువుకుని చూశాడు. నలభై క్షణాల్లో తెర తెల్లగా వెలిగి, మే పదో తారీఖున ఎక్కడ ఆగిందో అక్కడే, సింహాచలం పేరు మీదే తెరుచుకుంది. ఒక్క అక్షరం చెదరలేదు. పిల్ల గురించి ఒక్క ముక్క అడగలేదు.

గౌరీశ్వరి బటను నొక్కింది. ఒకటో ప్రింటరు వెచ్చబడి కాగితం లాగింది. రెండో ప్రింటరు తొందరపడితే నలిపేస్తుందని పైడయ్య దానికి నిమ్మళంగా పదేసి కాగితాలే అందించాడు. మొట్టమొదటి పత్రాన్ని తనే వరండాలోకి తీసుకెళ్లి సింహాచలం చేతిలో పెట్టాడు.

"పట్నం బస్సు పదకొండున్నరకి. గేటు కాడున్న ఆటోలోనే ఎల్లిపో సెల్లీ. వెనక్కి సూడకు."

గంటన్నరలో ఆరువందల పన్నెండు పత్రాలూ ముద్రపడి బయటికొచ్చాయి. వరండాలో జనం గోల చెయ్యలేదు. పాప నిద్ర చెడుతుందని ఒకళ్లకొకళ్లు నోటి మీద వేలేసి చెప్పుకున్నారు. అయినా చివరి కట్ట పంచుతుండగా పాపకి ఆకలేసింది. ఆ కేకకి మేడమీద కిటికీలు అదిరాయి. విరూపాక్షం గారు, ఆయన వెనక సోమయాజులు గారు మెట్లు దిగి వచ్చేసరికి వరండా ఖాళీగా ఉంది. ప్రింటర్లు వేడిగా ఉన్నాయి. గౌరీశ్వరి గోడవైపు తిరిగి పిల్లకి పాలిస్తోంది.

"కార్యాలయం నిద్రలో ఉండగా విధులు నిర్వర్తించినది ఎవరు?" అన్నారు విరూపాక్షం గారు.

"నానేనండీ తాళం తీసినాను" అన్నాడు పైడయ్య. అతని మనసు తేలిగ్గా ఉంది. పోతే ఉద్యోగం పోతుంది. ఇంకా పోతే పెన్షను పోతుంది. ఆ రాత్రి భార్యతో చెబితే ఆవిడ, "పోనీలే, ఆ యమ్మ బస్సెక్కిందా నేదా?" అని అడిగి, అన్నం వడ్డించింది.

వారం తిరక్కుండా రాజధాని నుంచి విచారణాధికారి వచ్చారు. మూడు రోజులు రికార్డులన్నీ తిరగేశారు. ఆయన మహా నిక్కచ్చి మనిషి, కాగితం మీద లేనిది కళ్లెదుట ఉన్నా నమ్మరు. మేల్కొలుపు ఉత్తర్వు జారీ అయిందా అని అడిగారు. కాలేదు. అంటే రికార్డు ప్రకారం ఆ రోజు కార్యాలయం నిద్రలోనే ఉంది. నిద్రలో ఉన్న ఆపరేటరు పని చేయజాలదు. డ్రైవరు తన ఉపకరణాలతో పాటే నిద్రించునని విరూపాక్షం గారి ఉత్తర్వులోనే ఉంది, కాబట్టి పైడయ్య తాళం తీయజాలడు.

"నానే తీసినానని సెప్తన్నాను కదండీ!" అన్నాడు పైడయ్య.

"నిద్రలో పలికిన మాటలు వాంగ్మూలం కిందకి రావు" అన్నారు విచారణాధికారి.

"మరి ఆ రోజు మేడమీద సమావేశంలో ఉన్నవారు మెలకువగా ఉన్నట్టా?" అని ఆయన తలెత్తి చూసేసరికి, విరూపాక్షం గారూ, సోమయాజులు గారూ తామిద్దరూ గాఢనిద్రలో ఉన్నట్టు వెంటనే రాతపూర్వకంగా ఇచ్చేశారు. టీలు తెచ్చిన హోటలు వాడి బిల్లు మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

చివరికి విచారణాధికారి రిజిస్టర్లో సోమయాజులు గారు గేటు దగ్గర స్వహస్తాలతో రాసిన ముక్క పట్టుకున్నారు. లేచినవి రెండు. మొదటిది నిద్రాజాబితాలో ఉంది. రెండోది లేదు. అంటే ఆ ఆవరణలో ఆ సమయంలో అధికారికంగా మెలకువగా ఉన్న వ్యక్తి ఒక్కరే. పైగా ఆ వ్యక్తి పెద్దగా కేకలు వేయడం వల్లే అధికారులకి మెలకువ వచ్చిందని వాళ్ల వాంగ్మూలాల్లో కూడా ఉంది.

మరునాడు మెమో తయారైంది. పాపకి ఇంకా పేరు పెట్టలేదు గనక "శ్రీమతి గౌరీశ్వరి గారి కుమార్తె, వయస్సు మూడు వారాలు" అని రాశారు. అనుమతి లేకుండా ప్రభుత్వ కార్యాలయమును మేల్కొలిపినందులకు మీపై చర్య ఏల తీసికొనరాదో పదిహేను దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను. మెమో స్వయంగా అందించి సంతకం గానీ వేలిముద్ర గానీ తెచ్చే బాధ్యత పైడయ్యకి అప్పజెప్పారు.

అతను సైకిలు తొక్కుకుంటూ గౌరీశ్వరి ఇంటికి వెళ్లేసరికి మధ్యాహ్నం మూడయింది. దారిలోనే సింహాచలం కొడుకు ఫోను చేశాడు. ఆపరేషను అయిందనీ, ఇవాళ లేచి కూర్చుని గంజి తాగిందనీ, వార్డులో నాలుగడుగులు వేసి ఆగకుండా వెనక్కి వచ్చిందనీ చెప్పాడు. పైడయ్య సైకిలు దిగి, ఆ మాట ఇంకోసారి చెప్పించుకుని విన్నాడు.

గౌరీశ్వరి మెమో చదువుతూ నవ్వింది. నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్లనీళ్లు తుడుచుకుని, "రా బాబాయ్, ముద్దాయిని చూద్దువుగాని" అని లోపలికి తీసుకెళ్లింది.

దూలానికి కట్టిన చీర ఉయ్యాల్లో పాప ఉంది. రెండు పిడికిళ్లూ చెంపల పక్కన పెట్టుకుంది. ఒక పెదవి మూల అప్పుడప్పుడు కదులుతోంది.

"వేలిముద్ర కావాలంట తల్లీ" అన్నాడు పైడయ్య గొంతు బాగా తగ్గించి.

"ఇప్పుడా? పొద్దుట్నుంచీ ఏడ్చి ఏడ్చి ఇప్పుడే పడుకుంది. లేపావంటే ఊరుకోను బాబాయ్."

పైడయ్య తల ఊపాడు. గోడకి ఆనించి కాగితం పెట్టుకుని, మెమో అందిన స్థితి అన్న గడి వెతుక్కున్నాడు. ఒక్క క్షణం ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో రాశాడు.

"సదరు వ్యక్తి నిద్రలో ఉన్నారు. కులాసా. లేపడానికి వాళ్లమ్మ ఒప్పుకోలేదు."

కింద సంతకం పెట్టి, చప్పుడు కాకుండా కలం మూత పెట్టుకున్నాడు.